దర్యావేషు నాణేనికి చిలకలపూడి పూత

నా వెండి నాణేనికి నన్ను అడక్కుండా బంగారు పూత వేయించారు. వేయించినవాళ్ళు దొంగలు కారు, లోకం తెలియనివాళ్ళు అంతకంటే కారు. మా చర్చి స్త్రీల సమాజం వాళ్ళు. ప్రదర్శనకని నా చేతుల్లోంచి తీసుకెళ్ళింది ఒక నాణెం, ఎర్ర పట్టుగుడ్డ సంచిలో పెట్టి నవ్వుతూ తిరిగిచ్చింది ఇంకో నాణెం. వస్తువు అదే, కానీ అది కాదు. ఇది తప్పు అని నేనన్నాను. తప్పెలా అవుతుందని బందరంతా అంది. పదిమందీ కాదన్నంత మాత్రాన తప్పు ఒప్పయిపోదు గనక రాస్తున్నాను.

నేను చదివింది ఎనిమిదో తరగతి వరకే. మాది దివిసీమలో, కోడూరు దాటాక ఒక పల్లె. బస్సు కండక్టరుగా చేరి అవనిగడ్డ, నాగాయలంక, బందరు, గుడివాడ రూట్లన్నీ తిరిగి రిటైరయి బందరులోనే ఉండిపోయాను. నాణేల మీద మనసు పడింది ఆ ఉద్యోగంలోనే. కండక్టరు చేతికి కళ్ళుంటాయి. సంచిలో చెయ్యి పెడితే ఏది రూపాయో ఏది అర్ధో చూడక్కర్లేదు, వేళ్ళే చెబుతాయి. హంసలదీవి వైపు నుంచి వచ్చే ట్రిప్పులో చేపల గంపలతో ఎక్కే ఆడవాళ్ళు కొంగుముడి విప్పి చిల్లర ఇచ్చేవాళ్ళు. తడిగా, ఉప్పు అంటుకుని ఉండేవి ఆ డబ్బులు. ఒకావిడ ఇచ్చిన బిళ్ళ మరీ నున్నగా అరిగిపోయి ఉంటే అటూ ఇటూ తిప్పి చూస్తున్నాను.

"ఏంది బావా, పెళ్ళిచూపులు చూస్తన్నావా దాన్ని?" అంది.

"ఇది చెల్లదమ్మా, పూర్తిగా అరిగిపోయింది."

"నువ్వూ అరిగిపోయావుగా. మా అక్క నిన్ను చెల్లవని బయటికి నెట్టిందా?"

బస్సంతా గొల్లుమంది. నేను ఆ బిళ్ళ తీసుకుని సంచిలో వేసుకున్నాను. తర్వాత ఆలోచిస్తే ఆవిడన్నదే సబబనిపించింది. అరిగిన నాణెం అంటే పని చేసిన నాణెం. ఎన్ని చేతులు మారితే అంత అరుగుతుంది. అరుగుదల దానికి తప్పు కాదు, దాని సర్వీసు.

నా నాణేల పిచ్చి పర్షియా దాకా వెళ్ళడానికి కారణం మా చర్చి. చిన్నప్పటి నుంచీ ప్రసంగాల్లో బైబిల్లోని పర్షియా రాజుల గురించి, దర్యావేషు రాజు అని, కోరెషు రాజు అని వింటూ పెరిగినవాణ్ణి. విజయవాడలో పాత పుస్తకాలు పేవుమెంటు మీద పోసి అమ్మేచోట అట్ట లేని ఇంగ్లీషు కేటలాగు ఒకటి దొరికింది. అందులో ఒక రాజు మోకాలు వంచి పరిగెడుతున్నట్టున్నాడు, ఒక చేతిలో విల్లు, ఒక చేతిలో బల్లెం. డిక్షనరీ పక్కన పెట్టుకుని ఆ పేజీ చదవడానికి నాకు వర్షాకాలమంతా పట్టింది. మన దర్యావేషు కొట్టించడం మొదలుపెట్టిన నాణేల వరసది. అంతవరకూ ఆ రాజులు నాకు ప్రసంగంలో మనుషులు. వాళ్ళకీ చిల్లర ఉండేదని, ఎవడో కూరగాయలు కొని ఆ చిల్లర ఇచ్చి ఉంటాడని ఆ రోజు తెలిసింది. ఆ తర్వాత చర్చిలో ప్రసంగం మీద నాకు ధ్యాస నిలవడం కాస్త తగ్గిన మాట నిజమే.

రిటైరయ్యాక వచ్చిన దాంట్లో కొంత తీసుకుని హైదరాబాదులో నాణేల సంతకి వెళ్ళాను. బల్ల వెనక కూర్చున్న వ్యాపారి నా పంచె, నా చెప్పులు చూసి, "పెద్దాయనా, ఇవి చూసే వస్తువులు. బేరం ఆడే వస్తువులు కావు" అన్నాడు.

"చూస్తానండీ. చేత్తో చూస్తాను."

ఏమనుకున్నాడో, ఒకటి అరచేతిలో పెట్టాడు. అదే నాణెం. గుండ్రంగా ఉండదు. చింతగింజ ఆకారం, బొటనవేలి గోరంత. ఒకవైపు విల్లు పట్టిన రాజు, రెండోవైపు బొమ్మ లేదు, అక్షరం లేదు, అచ్చు గుద్దినప్పుడు పడ్డ పొడుగాటి గుంట మాత్రమే. దీన్ని సిగ్లోస్ అంటారు. వెండిది. రాజుగారి కిరీటం సగం అరిగిపోయింది. భుజం దగ్గర చిన్న గుర్తు, నెలవంకలాంటిది, పంచ్ కొట్టినట్టు పడి ఉంది. అది షరాబు గుర్తు. ఆ కాలంలో డబ్బు మార్చేవాళ్ళు వెండి నిజమా కాదా అని గుద్ది చూసేవాళ్ళు. రెండున్నర వేల ఏళ్ళ కింద ఏదో బజారులో ఎవడో అనుమానపడి, గుద్ది, చూసి, నిజమే అని ఒప్పుకుని వదిలిన నాణెం. మొత్తం మీద గ్రహణం నాటి చంద్రుడిలా మెత్తని నలుపు. ఆ నలుపు మురికి కాదు. వెండి అన్ని వందల ఏళ్ళు గాలి పీల్చుకుంటే వచ్చే రంగు. నాణేలు కూర్చేవాళ్ళెవరూ దాన్ని తియ్యరు. తీస్తే వయసు తీసేసినట్టే.

ఆ తర్వాత ఇంకొన్ని చేరాయి. అలెగ్జాండరు పేరు మీద కొట్టిన గ్రీకు వెండి నాణెం, డ్రాక్మ ఒకటి. అందులో వీరుడు సింహం తల తోలు నెత్తిన కప్పుకుని ఉంటాడు. మా ఆవిడ చూసి, "ఎవరండీ ఈవిడ, చలేసిందా ముసుగేసుకుంది?" అంది. ఆవిడది గుడివాడ, మాట గట్టిది. పంజాబు వైపు ఏలిన గ్రీకు రాజులవి నాలుగైదు, ఒకవైపు వాళ్ళ లిపి, ఒకవైపు మన దేశపు పాత లిపి. అన్నీ అరిగినవే. మెరిసేవి కొనే స్తోమత నాకు లేదు, ఉన్నా కొనను. కెమెరాల జోలికి పోలేదు. సన్న కాగితం నాణెం మీద పరిచి పెన్సిలు రుద్దితే అచ్చు వస్తుంది చూడండి, చిన్నప్పుడు మనమంతా చేసిందే, అలా ఒక్కోదానికి ఒక్కో అచ్చు తీసి పెట్టుకున్నాను.

వయసు మీద పడింది. నా తర్వాత ఇవి ఏ పాత సామాన్ల కొట్టుకో పోకూడదు. గుడివాడలో ఒక కాలేజీలో చరిత్ర చెప్పే లెక్చరరు ఉన్నారు. పిల్లలు చూడ్డానికి ఒక గదిలో అద్దాల బీరువా పెట్టారు, పాత పెంకులు, రాతి ముక్కలు అందులో ఉంటాయి. నా నాణేలన్నీ ఇస్తానన్నాను. ఆయన సంతోషపడ్డారు. "సిగ్లోస్ మధ్యలో పెడదామండీ, పర్షియా నాణెం ఈ చుట్టుపక్కల పిల్లలెవరూ చూసుండరు" అన్నారు. నాకు అంతకంటే కావలసింది లేదు. ఒక్కో పిల్లాడు ఆ రాజు ముందు ఒక్క నిమిషం నిలబడితే నా చదువు సార్థకం అనుకున్నాను.

సరిగ్గా అప్పుడే స్త్రీల సమాజం అధ్యక్షురాలు మా ఇంటికొచ్చారు. బళ్ళో హెడ్మిస్ట్రెస్ గా చేసి రిటైరయిన టీచరమ్మగారు. చర్చిలో పాటల బృందం ఆవిడదే. మా వీధి చివరే ఇల్లు.

"అన్నయ్యగారూ, చర్చి వార్షికోత్సవానికి రాజుల కాలపు వస్తువులు అని ప్రదర్శన పెడుతున్నాం. దీపాలు మట్టితో చేయించాం, గ్రంథపు చుట్టలు అట్టతో చేశాం. నిజం వస్తువు ఒక్కటీ లేదు. మీ దర్యావేషుని రెండ్రోజులు పంపండి."

"పంపుతాను టీచరమ్మగారూ. కానీ కడక్కూడదు."

"కడగం."

"గుడ్డపెట్టి తుడవకూడదు."

"తుడవం."

"చింతపండు దరిదాపులక్కూడా రానివ్వకూడదు."

"మీ నాణెం కాదుగానీ అన్నయ్యగారూ, పురిటిబిడ్డని ఎత్తుకుంటానంటే మా అత్తగారు పెట్టిన ఆంక్షల్లా ఉన్నాయి. ఏమీ చెయ్యం, సరేనా?"

ప్రదర్శన బాగానే జరిగింది. నేనూ వెళ్ళాను. నాణెం గాజు మూత కింద నల్లగా, పొందిగ్గా ఉంది. పెడన నుంచి వచ్చిన వాళ్ళు, పల్లెల నుంచి ఆటోల్లో వచ్చిన వాళ్ళు వరసలో నడుస్తూ చూశారు. మట్టి దీపాల దగ్గరే ఎక్కువసేపు ఆగారు, అది వేరే సంగతి.

మూడో రోజున టీచరమ్మగారు ఎర్ర పట్టుసంచి తెచ్చి నా చేతిలో పెట్టారు. ఆవిడ వెనక సమాజం సభ్యులు ఇద్దరు నవ్వుతూ నిలబడ్డారు. విప్పాను. పచ్చగా ధగధగమంటోంది. దర్యావేషు రాజు కొత్త పెళ్ళికొడుకులా ఉన్నాడు. మొదట నాకు అర్థం కాలేదు. ఎవరిదో తెచ్చి పొరపాటున ఇచ్చారనుకున్నాను. తిప్పి చూస్తే నా గుంట, నా నెలవంక.

"ఇదేంటండీ?"

"చిలకలపూడిలో వేయించామండీ. మంచి పూత. మామూలు గిల్టు కాదు, ఎక్కువ మైక్రాన్ల మందం."

"ఎందుకు?"

ఆ ప్రశ్న ఎవరైనా అడుగుతారని వాళ్ళు అనుకోలేదు.

బయటి ఊళ్ళ వాళ్ళ కోసం ఇక్కడ ఒక మాట చెప్పాలి. చిలకలపూడి అంటే బందరులో గిల్టు నగల పేట. ఇంటింటికీ పూతపని. మా వైపు పెళ్ళికో ఫంక్షనుకో గిల్టు నగ ఎరువు తెచ్చుకుంటే, వాడుకుని ఉత్తగా తిరిగివ్వరు. పూత అరుగుతుంది కదా, మెరుగు పెట్టించి, సంచిలో పెట్టి ఇస్తారు. ఉత్తగా ఇచ్చినవాళ్ళకి రెండోసారి నగ పుట్టదు. మా ఆవిడా అంతే చేస్తుంది. అది మర్యాద. నగల విషయంలో నేనూ కాదనను. నాణెం నగ కాదు కదా అన్నదే నా గొడవ.

"కడగొద్దని చెప్పానా లేదా?"

"మేం కడగలేదు అన్నయ్యగారూ."

"తుడవొద్దని చెప్పానా?"

"తుడవలేదు. పూత వద్దని మాత్రం మీరు చెప్పలేదు."

"కడక్కుండా పూత ఎలా ఎక్కుతుందండీ?"

"అది కొట్టువాళ్ళు కడిగారు. మేం కాదు."

హెడ్మిస్ట్రెస్ అనిపించుకున్నారు. నేను తలుపు వేసేశాను. కాఫీ కూడా ఇవ్వకుండా పంపేశారని మా ఆవిడ నాతో మాట్లాడటం మానేసింది. మాట్లాడాక మొదటి మాట, "బంగారం పూసిస్తే పోట్లాడేవాడు బందరు మొత్తానికి మీరొక్కరే."

పూత వేసిన కొట్టుకి వెళ్ళాను. కుర్రవాడేం కాదు, నలభై దాటినవాడే, నన్ను బాబాయ్ అంటాడు. ఏం చేశావని అడిగితే దాపరికం లేకుండా చెప్పాడు. బఫ్ చక్రం మీద పట్టి రుద్దాడు, యాసిడ్ లో ముంచాడు, రాగి పొర వేశాడు, ఆ పైన బంగారం.

"తీసేయొచ్చా?"

"ఎందుకు తియ్యలేం బాబాయ్? మందులో వేస్తే పోద్ది. కాకపోతే కింద తెల్లగా తళతళలాడతా ఉంటది, కొత్త స్టీలు గ్లాసులాగ."

"నలుపు?"

"నలుపు కావాలా? నలుపు కూడా వేస్తా. ఆక్సిడైజ్డ్ అని ఇప్పుడదే ఫ్యాషన్. కాలేజీ పిల్లలు అవే అడుగుతున్నారు."

చెప్పుకునే సంగతి కాదు గానీ ఆ పూట నాకు ఏడుపొచ్చినంత పనయింది. రెండున్నర వేల ఏళ్ళ నలుపు ఇప్పుడు ఫ్యాషనట, అడిగితే వేస్తాడట. అతని మీద కోపం రాలేదు. తెచ్చిచ్చిన పని చేశాడు. ఇది వెండిదని, పూత నువ్వే వేశావని రాసివ్వగలవా అంటే మాత్రం చేతులు తుడుచుకున్నాడు. "నేను రాస్తే రేపు నా మీదకే వస్తది బాబాయ్. టీచరమ్మగారు చెప్పారు, వేశాను. ఆవిణ్ణే రాయమను."

రాయించడం దేనికంటే, అప్పటికే గుడివాడ వెళ్ళొచ్చాను. లెక్చరరు గారు భూతద్దం పెట్టి చూశారు, చిన్న త్రాసులో తూచారు.

"సార్, పర్షియా వాళ్ళు ఇదే బొమ్మతో బంగారు నాణెం కూడా కొట్టారు కదా, డారిక్ అని."

"తెలుసండీ."

"ఇది ఇప్పుడు చూడ్డానికి డారిక్. బరువు చూస్తే డారిక్ కి చాలా తక్కువ. అద్దంలో పెడితే, తెలిసినవాళ్ళెవరైనా దీన్ని దొంగ బంగారు నాణెం అంటారు."

"దొంగది కాదండీ. దానికి దొంగ వేషం వేశారు."

"మీ మాట నేను నమ్ముతాను. బీరువా ముందు నిలబడేవాడు నమ్మాలి కదా."

"అంచున గీరండి. లోపల వెండి కనపడుతుంది."

"లోపల ఒకటి, పైన ఒకటి పెట్టి ఆ కాలంలోనే మోసం చేసేవాళ్ళు సార్. గీరితే అనుమానం ఇంకా పెరుగుతుంది." ఆయన మంచివాడే, మొహమాటపడుతూనే అన్నారు. "ఇదొక్కటి మీ దగ్గర ఉంచుకోండి. మిగతావన్నీ తీసుకుంటాను."

కుదరదన్నాను. అది లేకపోతే మిగతావి ఇవ్వనన్నాను. ఆ రాజు కోసమే కదా మిగతావాళ్ళంతా వచ్చి చేరింది. నా పెన్సిలు అచ్చు చూపించాను. అచ్చు ఆకారం చెబుతుంది, లోహం చెప్పదు. చివరికి ఆయనే దారి చూపించారు. పూత వేయించినవాళ్ళు, తీసుకున్నప్పుడు వెండిదేనని, పూత తామే వేయించామని సంతకం పెట్టి ఇస్తే, ఆ కాగితం పక్కన పెట్టి నాణేన్ని మధ్యలోనే ఉంచుతానన్నారు. నాణేనికి ఇది కూడా చరిత్రే అన్నారు. నాకది రుచించలేదు గానీ ఒప్పుకున్నాను.

ప్రదర్శన చూసినవాళ్ళు సాక్ష్యం చెబుతారేమో అని ముందు వాళ్ళ చుట్టూ తిరిగాను. ఒక్కడికీ నలుపు గుర్తు లేదు. "రాజుగారి నాణెం కదా, బంగారందే చూశాం" అన్నాడు ఒకాయన, నా పక్కనే నిలబడి చూసినవాడు. రాజు అంటే బంగారం అని మనుషులు ముందే అనుకుని వస్తారు, ఆ తర్వాత కళ్ళతో పని ఉండదు.

ఇక టీచరమ్మగారికి ఉత్తరం రాశాను. ఇల్లు వీధి చివరే, అయినా రిజిస్టరు పోస్టులో పంపాను, అందలేదనకుండా. పోస్టాఫీసులో కవరు తీసుకున్నాయన అడ్రసు చూసి, "ఇది పెద్ద పోస్టాఫీసుకి వెళ్ళి మళ్ళీ మీ వీధికే వస్తుందండీ. నడిస్తే అయిపోయేదిగా?" అన్నారు. నడిస్తే మాటలవుతాయి, నాకు కావలసింది రాత అన్నాను. జవాబు రాలేదు. మళ్ళీ రాశాను. రాలేదు. ఆవిడ సమాజంలో అన్నమాట మాత్రం మా ఆవిడ ద్వారా ఇంటికొచ్చింది: "మర్యాద చేసి సంజాయిషీ రాసివ్వడం నేనెక్కడా చూడలేదు."

పాస్టరుగారు మధ్యలోకి వచ్చారు. మా వరండాలో కూర్చుని, "క్షమించెయ్యండి అన్నగారూ, పెద్దవారు" అన్నారు.

"క్షమించడానికి నేను ఇప్పుడే సిద్ధమండీ. దేన్ని క్షమించాలో ఆవిణ్ణి చెప్పమనండి."

"తెలిసిందే కదా."

"తెలిసింది నాకు. ఆవిడ తప్పు లేదంటున్నారు. లేని తప్పుని క్షమించడం మీ ప్రసంగాల్లో ఎక్కడుందో చూపించండి, క్షమిస్తాను."

ఆయన నవ్వి, మజ్జిగ తాగి వెళ్ళిపోయారు. వెళ్తూ గుమ్మం దగ్గర, "ఆ మాట ఆవిడతో నేను చెప్పవచ్చా?" అని అడిగారు. చెప్పండన్నాను. నా మాట ఎవరితో అయినా చెప్పవచ్చు.

చర్చిలో ముందు వరస వదిలి చివరి బెంచీకి మారేదాకా వెళ్ళిన నా పట్టుదల చూసి ఊళ్ళో నవ్వుకున్నారని నాకు తెలుసు. నవ్వనివ్వండి. ఒకరి వస్తువు మనకి బాగుండేలా మార్చి, బాగు చేశామని అతని చేతే ఒప్పించడం చిన్న సంగతిగా నాకు తోచదు. చిన్న సంగతని వదిలిపెడితే అలెగ్జాండరుకి ఇంకోళ్ళు ముసుగు తీయిస్తారు. మిగతా నాణేలు పెట్టెలోనే ఉన్నాయి. గుడివాడ లెక్చరరు గారు బీరువా మధ్యలో చోటు ఖాళీగా ఉంచానని ఫోను చేసి చెప్పారు, ఎంతకాలం ఉంచగలనో తెలియదని కూడా చెప్పారు.

పాస్టరుగారు వచ్చి వెళ్ళిన తర్వాతి వారం పోస్టుమాన్ వచ్చి సంతకం పెట్టించుకున్నారు. ఆవిడా రిజిస్టరు పోస్టులోనే పంపారు. హెడ్మిస్ట్రెస్ దస్తూరి, ముత్యాల్లాంటి అక్షరాలు. ఉన్నది ఉన్నట్టు దించుతున్నాను:

"అన్నయ్యగారికి వందనాలు. మీరు కోరినట్టుగా రాస్తున్నాను. ప్రదర్శనకు మీరు మాకిచ్చిన నాణెం వెండిది. నల్లగా ఉండేది. ఇది నా కళ్ళతో చూసి రాస్తున్న మాట. ప్రదర్శన అయ్యాక మిమ్మల్ని అడక్కుండా దానికి బంగారు పూత వేయించింది నేను. సమాజానికి గాని, పూత వేసినతనికి గాని ఇందులో బాధ్యత లేదు. మిమ్మల్ని అడగాల్సింది. అడిగితే వద్దంటారని లోపల తెలుసు కాబట్టే అడగలేదేమోనని ఈ మధ్య అనిపిస్తోంది, అది తప్పే. ఈ కాగితం గుడివాడలో అద్దంలో పెట్టుకుంటారో, ఫ్రేము కట్టించుకుంటారో మీ ఇష్టం. నాకు మాత్రం ఇప్పటికీ పూత వేశాకే బాగుంది. ఇంకొక్క మనవి. వచ్చే ఆదివారం నుంచి ఆ చివరి బెంచీ వదిలి ఎప్పటిలాగా ముందుకొచ్చి కూర్చోండి. అక్కడ కూర్చుని మీరు నన్నే చూస్తుంటే నాకు పాటలో శ్రుతి తప్పుతోంది."